పాత ఫోనులో పదకొండు ఫొటోలు

మొన్న ఆదివారం కాఫీ గ్లాసు యింకా చేతిలో వుండగానే, పక్కింటి పిన్నిగారు చీర కొంగున ఏదో మూట కట్టుకుని వచ్చారు. బెల్లం ముక్క కాబోలు అనుకున్నాను. అనకాపల్లిలో కొంగున కట్టుకొచ్చేది మరేముంటుంది? తీరా విప్పితే ఫోను! అంచున ఎర్ర చార, అద్దం నిండా గీతలు. నోకియా 5800.

"కొత్త అమావాస్యకి పెద్దాడు వస్తన్నాడు బాబూ. మీ బాబాయి ఫొటో ఒకటి పటం కట్టిద్దామని వుంది. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప యింట్లో మరోటి లేదు. దీంట్లో వుండాలి. తియ్యగలవా?" అన్నారు.

బజారులో రెండు దుకాణాలవాళ్లు చూసి, "యీ కాలానికి పనికిరాదమ్మా, పారెయ్యండి" అన్నారట. బాబాయిగారు పోయింది 2016లో. అప్పటినుంచీ ఆ ఫోను బీరువాలో చీరల కింద వుంది. పారెయ్యమంటే ఆవిడ పారేస్తారా!

సరే, పారేసే ముందు దాని జాతకమైనా చూద్దాం అనుకున్నాను. యిది 2008 అక్టోబరులో నోకియావారు ప్రకటించిన ఫోను. వారి ఎస్60 వరసలో మీటలు తీసేసి అద్దం మీద వేలితో నడిపించిన మొదటిది యిదే. బరువు 109 గ్రాములు. అద్దం 3.2 అంగుళాలు, ఆనాటికి అదే విశాలం. రేడియో, పాటలు, దారి చూపే జీపీఎస్, వైఫై అన్నీ వున్నాయి. 3జీ కూడా వుంది గాని, ఫోను ప్రకటించేనాటికి మన దేశంలో ఆ సేవే ప్రజలకు అందుబాటులో లేదు. ఎడ్లు రాకముందే బండి వచ్చిందన్నమాట.

అసలు విశేషం ఆ అద్దంలో వుంది. యీనాటి ఫోను అద్దం మన వేలిలోని విద్యుత్ స్వభావాన్ని బట్టి గుర్తుపడుతుంది. అందుకే తడి చేత్తో తాకితే తికమకపడుతుంది, పుల్లతో తాకితే పలకనే పలకదు. 5800 అద్దం సంగతి వేరు. దానిమీద రెండు పల్చని పొరలు, మధ్య వెంట్రుకవాసి ఖాళీ. పైపొరను నొక్కితే కింది పొరకు తగిలి, ఎక్కడ తగిలిందో ఆ చోటు ఫోనుకు తెలుస్తుంది. నొక్కింది వేలా, గోరా, పుల్లా అని అది అడగదు. రెండు వేళ్లతో సాగదీసి బొమ్మను పెద్దది చెయ్యడం మాత్రం దానికి చేతకాదు.

యీ మాట చెబుతూంటే పిన్నిగారు నవ్వారు. "అందుకే కాబోలు, మీ బాబాయి బెల్లం వండేటప్పుడు కూడా వదిలీవారు కాదు. వేళ్లకి పాకం అంటుకుంటే చీపురుపుల్లతో నొక్కీవారు. పెట్టెలో యిచ్చిన పుల్ల వారం రోజులకే పోయింది కదా!" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. ఆ ఫోనుకు వెనక వైపు దూర్చిపెట్టుకునే చిన్న పుల్ల ఒకటి యిచ్చేవారు. నేను అప్పటికప్పుడు మా చీపురులోంచి పుల్ల తీసి నా కొత్త ఫోను మీద నొక్కి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వేలు పోసి కొన్నాను. గానుగ దగ్గర మాత్రం బాబాయిగారి ఫోనే మేలు!

యిక ఫోనును లేపాలి. బ్యాటరీకి ఆయుర్దాయం ఎప్పుడో తీరిపోయింది. అది ఏ బ్యాటరీకైనా తప్పదు. యిక్కడే పాత ఫోను గొప్పతనం. వెనక రేకు గోరుతో తీస్తే బ్యాటరీ చేతిలోకి వచ్చేస్తుంది. దాని పేరు బీఎల్-5జే. 5230, 5233, ఆ తర్వాత లూమియా 520 కూడా యిదే వాడాయి కాబట్టి యీ రకం దొరకడం కష్టం కాలేదు. ఛార్జరు సన్న మూతిది కావాలి. అది మా అటక మీదే దొరికింది.

బ్యాటరీ వేసి మీట నొక్కాను. రెండు చేతులు కలిసే బొమ్మ వచ్చింది. తర్వాత ఫోను యీవేళ తేదీ ఎంత అని అడిగింది. పిన్నిగారు నా వంక చూసి, "పాపం, దానికేం తెలుసు" అన్నారు.

అయితే ఫొటోలు ఎక్కడున్నట్టు? కార్డు గూడు ఖాళీగా వుంది. 8 గిగాబైట్ల కార్డును మనవడు ఎప్పుడో పాటల కోసం తీసుకుని శుభ్రంగా తుడిచేశాడట. యిక మిగిలింది ఫోనులోని సొంత జాగా. అది 81 మెగాబైట్లు, అంటే కార్డులో నూరో వంతు. కొన్నప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోని అంకె! భయపడుతూనే తెరిచాను. పదకొండు ఫొటోలున్నాయి.

నాలుగు కాటా చీటీలు. రెండు లారీ నంబర్లు. ఒక దూడ, ఒక వేలు, ఒకటి ఉత్త చీకటి. మిగిలిన రెంటిలో బాబాయిగారు వున్నారు. ఒకటి ఫోను కొన్ననాడు దుకాణంలో తీసింది. ముఖం స్పష్టంగానే వుంది గాని, పరీక్ష హాల్లో కూర్చున్న కుర్రాడిలా బిగుసుకుపోయి వున్నారు. రెండోది బెల్లం పెనం ముందు. పొగలో ముఖం కాస్త అలుక్కుపోయింది.

"యిది నేను తీసిందే! పక్కన మీట సగం నొక్కి ఆగు, తర్వాత పూర్తిగా నొక్కు అని నేర్పారు. నేనేమో ఒక్కసారే నొక్కీసాను. చెయ్యి కదిలిపోయింది" అని ఆవిడ చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

బ్లూటూత్‌తో ఒక్కొక్కటే నా ఫోనులోకి పంపించాను. దాని కెమేరా 3.2 మెగాపిక్సెళ్లు, అంటే 31 లక్షల పైచిలుకు చుక్కలు. యీనాటి యాభై మెగాపిక్సెళ్ల ముందు అదో లెక్కా అంటారు. కాని మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. ఆ లెక్కన యీ ఫొటో సుమారు ఏడంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు పటానికి హాయిగా సరిపోతుంది. గోడమీది పటానికి అంతకన్న ఏం కావాలి?

స్టూడియో అబ్బాయి దుకాణం ఫొటోయే బాగుందన్నాడు. నేనూ అదే అన్నాను. పిన్నిగారు ఒప్పుకోలేదు. "ఆ ముఖం నాకు తెలీదు బాబూ. గరిట పట్టుకున్నదే ఆయన" అని పెనం ఫొటోకే పటం కట్టించారు.

కాబట్టి పాఠకులకు నా మనవి ఒక్కటే. యీ వారంలో వీలు చూసుకుని మీ బీరువాలో, అటక మీద వున్న పాత ఫోన్లు దింపండి. బ్యాటరీ ఉబ్బి వుంటే మాత్రం ఛార్జింగు పెట్టవద్దు. కార్డు చూడండి, ఫోను సొంత జాగా కూడా చూడండి. దొరికిన ఫొటోలను ఒకచోట కాదు, రెండుచోట్ల దాచండి. ఆ తర్వాత ఫోనును పారేస్తారో, దాచుకుంటారో మీ యిష్టం.

పిన్నిగారు మాత్రం పారెయ్యలేదు. మళ్లీ చీరల కింద పెట్టారు. యీసారి పక్కన ఒక చీపురుపుల్ల కూడా!