గ్రీకు వ్యాకరణం ఎవరి సొత్తు?

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2021లో ఒక నిబంధనను ఎత్తివేసింది. ప్రాచీన గ్రీకు, రోమన్ అధ్యయనాలను ప్రధానాంశంగా ఎంచుకున్న డిగ్రీ విద్యార్థి గ్రీకు గానీ లాటిన్ గానీ నేర్చి తీరాలన్న షరతు అది. భిన్న నేపథ్యాల విద్యార్థులు రావాలన్నది వారి ఉద్దేశం. అదే ఏడాది, నల్లజాతి ఉన్నత విద్యకు పేరొందిన హోవర్డ్ విశ్వవిద్యాలయం తన క్లాసిక్స్ విభాగాన్నే రద్దు చేయాలని నిర్ణయించింది. అక్కడి విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. నా మిత్రులు కొందరు మాత్రం ఈ రెండు వార్తలనూ ఒకే గాటన కట్టి, ఆధిపత్య భాషలు కూలుతున్నాయని సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను.

వారి సంతోషానికి కారణం లేకపోలేదు. ఈ భాషలు చాలాకాలం గడప దగ్గర కాపలా కాశాయి. భారత సివిల్ సర్వీసుకు 1855లో పోటీ పరీక్ష మొదలైనప్పుడు గ్రీకుకు 750, లాటిన్‌కు 750 మార్కులు కేటాయించారు. సంస్కృతానికి 375, అరబిక్‌కు 375. ఆ ప్రవేశ పరీక్షలో తెలుగు, తమిళాల ఊసే లేదు. ఏలబోయే దేశపు రైతు మాట కన్నా హోమర్ మాట తెలియడమే ముఖ్యమన్నమాట. పరీక్ష అందరికీ ఒకటే, ప్రతిభకే పట్టం అన్నారు. ఆ ప్రతిభను చిన్ననాటి నుంచే తయారుచేసే బడుల ఫీజులు ఎవరు కట్టగలిగేవారో ఎవరూ అడగలేదు. రిజర్వేషన్ల చర్చ వింటున్నవారికి ఈ వాదన కొత్తదేమీ కాదు.

అయితే నల్లజాతివారు ఈ భాషలతో ఏం చేశారు? గ్రీకు వాక్యనిర్మాణం తెలిసిన నీగ్రో కనిపిస్తేనే ఆ జాతిని మనుషులుగా నమ్ముతానని అమెరికా రాజకీయ నాయకుడు జాన్ కాల్హౌన్ అన్నట్టు నల్లజాతి మతాచార్యుడు అలెగ్జాండర్ క్రమ్మెల్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. ఆ క్రమ్మెల్ ఇంగ్లండు వెళ్లి 1853లో కేంబ్రిడ్జి పట్టా పుచ్చుకున్నారు. జార్జియాలో 1852లో బానిసగా పుట్టిన విలియం శాండర్స్ స్కార్‌బరో 1881లో గ్రీకు నేర్చుకునేవారికి పాఠ్యపుస్తకమే రాశారు. తర్వాత విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యారు. గ్రీకు తెల్లవారిదని వారు ఒప్పుకుని ఉంటే ఆ పుస్తకం పుట్టేదే కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అదీ అంబేడ్కర్ నుంచే. హైస్కూల్లో సంస్కృతం చదవనీయకపోతే ఆయన పర్షియన్ తీసుకున్నారు. 1946లో శూద్రుల పుట్టుక మీద పుస్తకం రాస్తూ, సంస్కృత పండితుణ్ణి కాకపోయినా పదిహేనేళ్లపాటు ఇంగ్లీషు అనువాదాలు చదివిన నాకు ఈ పనికి అర్హత ఉందని ముందుమాటలో వాదించారు. అనువాదం చాలునని ఆయనే అంటే భాష ఎందుకు? ఆ మాటను నేను అలా చదవను. తలుపు మూసినవారే 'నీకు అర్హత లేదు' అన్నప్పుడు చెప్పిన జవాబు అది. తలుపు మూసే ఉంచమన్న సలహా కాదు.

అనువాదంలో ఏం పోతుందో నాకు తెలిపింది ఆచార్యులెవరూ కాదు, మా ఊరి పాస్టరు. మన దగ్గర గ్రీకు నేర్పేది ఎక్కువగా క్రైస్తవ వేదాంత కళాశాలల్లోనే. అక్కడ చదివేవారిలో దళిత కుటుంబాల పిల్లలు ఎందరో. ఇంగ్లండు దొరబిడ్డలకు గుర్తింపుచీటీగా ఉన్న భాష మాల, మాదిగ వాడల్లో ఆదివారం ప్రసంగానికి పనికొస్తోందన్న సంగతి మన మేధావులు గమనించినట్టు లేదు. కొత్త నిబంధనలో 'దూలోస్' అనే మాట పదేపదే వస్తుందని ఆయన చెప్పారు. కొని, అమ్మే మనిషి అని దాని అర్థం. అరిస్టాటిల్ 'రాజనీతి'లో కొందరు పుట్టుకతోనే బానిసలని వాదించినచోట ఉన్నదీ ఆ మాటే. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు చాలాచోట్ల దాన్ని సేవకుడు అని మెత్తబరిచింది. తెలుగు బైబిలులో 'దాసుడు' ఉంది. రామదాసు దాకా వచ్చిన ఆ మాటకు మన చెవిలో భక్తి వాసనే తప్ప సంకెళ్ల చప్పుడు వినిపించదు. పుట్టుకను బట్టి మనిషి వెల కట్టిన సమాజాన్ని చదువుతూ ఈ తేడా తెలియకపోతే చదివినదేమిటి?

కాబట్టి షరతు ఎత్తేయడం కన్నా భాషను మొదటి నుంచి నేర్పడమే అసలైన సమానత్వమని నా అభిప్రాయం. బడిలో గ్రీకు, లాటిన్ చదవనివారికీ అక్షరాల నుంచి నేర్పే మార్గం ఆక్స్‌ఫర్డ్‌లో ఇప్పుడు ఉంది. దానికి ఖర్చవుతుంది, ఓపిక కావాలి. నిబంధన కొట్టేయడానికి ఒక సంతకం చాలు. బ్రిటన్ ప్రభుత్వం 2021లో సుమారు 40 ప్రభుత్వ పాఠశాలల్లో లాటిన్ కోసం 40 లక్షల పౌండ్ల పథకం ప్రకటించింది. ఆనాటి లెక్కల్లో లాటిన్ ఉన్న ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలు 2.7 శాతం, ప్రైవేటువి 49 శాతం. తర్వాతి ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో, చదువుల నడుమ, నిధులు ఆపేసింది. ప్రైవేటు బడుల్లో లాటిన్ ఏమీ ఆగలేదు.

మా పాస్టరు గారి అమ్మాయి ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. తెలుగు లిపిలో ఉచ్చారణలు రాసుకున్న తండ్రి గ్రీకు నోటుపుస్తకాన్ని హాస్టలుకు పట్టుకెళ్లింది. ప్రాచీన గ్రీసు ఆమెకు ఒక పేపరుగా ఉంది. భాష నేర్పేవారు మాత్రం ఆమె చదివే చోట లేరు.