ఎనిమిదిసార్లు చెప్పినా...

1999 అక్టోబరు 5 ఉదయం. లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి బయల్దేరిన ఓ రైలు ఎర్ర సిగ్నల్ దాటి, లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర ఎదురుగా వస్తున్న ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొట్టింది. ఇద్దరు డ్రైవర్లతో సహా 31 మంది చనిపోయారు.

తప్పు డ్రైవర్‌దేనని చేతులు దులుపుకోవచ్చు. కానీ లార్డ్ కల్లెన్ విచారణ అక్కడితో ఆగలేదు. ఆరేళ్లలో అదే సిగ్నల్‌ను ఎర్రదీపం ఉండగానే ఎనిమిదిసార్లు రైళ్లు దాటేశాయట! పైనున్న విద్యుత్ సామగ్రి అడ్డు, కళ్లు చెదరగొట్టే ఉదయపుటెండ. పైగా డ్రైవర్ కొత్తవాడు, శిక్షణ ముగిసి రెండు వారాలే.

డ్రైవర్ ఏమరినా తనంతట తానే బ్రేకులు వేసే పరికరం ఉంటే ఘోరం తప్పేది. మన రైళ్లకు 'కవచ్' అమరుస్తున్నదీ అందుకే.

ఇంతకీ, ఆ ఎనిమిది హెచ్చరికల్నీ చూడనిది ఎవరు?