దేశవైద్యమునకు గీటురాయి

చీనాదేశపు ప్రాచీన వైద్యమును గూర్చి రెండు వాదములు గలవు. వేలయేండ్లుగా వాడుచున్నదానికి ఇంకను పరీక్ష యేల యని యొకరు. తేలును, జెఱ్ఱిని నూరి పోయు వైద్యమునకు పరీక్షయా యని మఱియొకరు. పరీక్ష వలదనుటయందు మాత్రము ఇరువురును ఏకాభిప్రాయులే!

ఈ యుభయులకును చీనా వైద్యులే సమాధానము చెప్పిరి. టోంగ్‌షిన్‌లువో యను గుళికలలో జిన్సెంగు వేరు, చందనము మొదలగువానితోబాటు జలగ, తేలు, జెఱ్ఱి, బొద్దింకల చూర్ణమును గలదు. 1996లోనే ఆ దేశప్రభుత్వపు అనుమతి బడసిన యీ మందును, బీజింగులోని ఫువై ఆసుపత్రి వైద్యుల నాయకత్వమున, 2019 మే మొదలు 2020 డిసెంబరు వఱకు 124 ఆసుపత్రులలో చేరిన తీవ్రమైన గుండెపోటు రోగులయందు పరీక్షించిరి. 3,777 మందిలో సగము మందికి ఈ మందు, తక్కినవారికి రూపమున దానినే పోలిన ఉత్తగుళికలు. ఎవరికేది ముట్టినదో రోగి యెఱుగడు, వైద్యుడు నెఱుగడు.

2023 అక్టోబరులో అమెరికా వైద్యసంఘ పత్రికయందు ఫలితములు వెలువడినవి. గుండెజబ్బుచే మరణము, మరల గుండెపోటు, పక్షవాతము మొదలగు ఆపదలు ముప్పది దినములలో ఉత్తగుళికలవారికి నూటికి 5.2 వంతున, మందు పుచ్చుకొన్నవారికి 3.4 వంతున కలిగినవి. సంవత్సరాంతమున ఆ లెక్కలు 8.3, 5.3. అనగా తొలి నెలలోనే వేయిమందికి పదునెనిమిదిమంది ఆపద తప్పించుకొనిరన్నమాట.

ఇంతమాత్రమున జయభేరి మ్రోగింప దగదు. ఆ రోగులకు ఆధునిక చికిత్స యథావిధిగా జరిగినది. ఈ మందు దానికి తోడేగాని బదులు గాదు. గుండెనొప్పి రాగానే ఆసుపత్రికి బోక చూర్ణమును నమ్ముకొనుమని యీ పరీక్ష ఎవరికిని చెప్పలేదు. ఖర్చులో మందు నిర్మాతల భాగమును గలదు. జీర్ణకోశబాధలు మందు పుచ్చుకొన్నవారియందు కొంత హెచ్చు. ఏ దినుసు ఏ విధమున పనిచేసినదో ఈ పరీక్షవలన తేలలేదు. అన్యదేశములందు, అన్యహస్తములతో ఇది మరల జరుగవలెను.

మనకును ఇందు పాఠము గలదు. మన సర్పగంధి వేరు తరతరములుగా వైద్యుల సంచులలో నుండెను. 1931లో కలకత్తాలో సేన్, బోసులు దాని గుణములను ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటు రోగులయందు కనిపెట్టిన ఫలితములను ఆంగ్లదేశపు హృద్రోగ పత్రికలో వెల్లడించిన పిమ్మటగాని లోకము దానివంక జూడలేదు. దానికి గౌరవము దెచ్చినది స్తోత్రము గాదు, లెక్క.

దేశాభిమానము గొప్పదే, కాని మందునకది అనుపానము గాజాలదు. ఆయుర్వేదమును నిజముగా ప్రేమించువారు దానిని గీటురాయిపై బెట్టుటకు వెఱవరాదు. బంగారమైనచో వన్నె బయటపడును; కానిచో రోగి ప్రాణమైనను దక్కును.