సామానుతో సహా అమ్మే ఫ్లాటు

ముంబయిలో ఇళ్ళ అమ్మకపు ప్రకటనలు చదివేవారికి "ఒక పడకగది, హాలు, వంటగది, సామానుతో సహా" అన్న మాట సుపరిచితమే. బట్టల పెట్టె ఒకటి పట్టుకొని వెళ్ళి కాపురం పెట్టవచ్చుననే ఊహ ఎవరినైనా ఆకర్షిస్తుంది. కాని జీవితకాలపు పొదుపు ఒక్క సంతకంతో చేయి మారే వ్యవహారమిది. కనుక ముందు సామానును మరచి ఇంటిని చూడాలి.

అది అంత సులభం కాదు. పొట్టి మంచం వేస్తే గది విశాలంగా కనిపిస్తుంది. గోడనిండా అద్దముంటే మరింత. అన్నిటికంటె అనుమానించదగినది బీరువా. వానలకు బయటి గోడ చెమ్మ పీల్చినచోటనే బీరువా నిలబడి ఉండడం కాకతాళీయం కాకపోవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవారికి తెలియనిదీ, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదీ అయిన ముఖ్య లోపాన్ని అమ్మేవారు తెలిసి దాచరాదు. ఇందులో రెండవ షరతును గమనించండి. బీరువా జరిపితే కనిపించే చెమ్మను జరపకుండా కొన్నవారికి తరువాత వాదన బలహీనమే. ఇంటివారు నొచ్చుకుంటారేమోనన్న మొగమాటం ఇక్కడ పనికిరాదు. వానాకాలంలో చూడగలిగితే మరీ మంచిది.

ఇక వైశాల్యం. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 'కార్పెట్ ఏరియా'ను నిర్వచించింది: వెలుపలి గోడలు, బాల్కనీ లెక్కకు రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. అయినా పాత ఫ్లాట్లు అమ్మేవారి నోట 'సూపర్ బిల్టప్' అన్న మాట పోలేదు. మెట్లలోను, లిఫ్టులోను మీ వంతు కలుపుకొన్న అంకె అది. ఉదాహరణకు 90 లక్షలకు 600 చదరపు అడుగులంటే అడుగు 15,000 రూపాయలు. లోపల టేపు పట్టి చూడగా 400 తేలితే 22,500.

సోఫా, మంచం, ఫ్రిజ్ చరాస్తులు. వాటికి వేరే పట్టిక రాసి, ధర కట్టుకోవడం ఉత్తమం. స్టాంపు సుంకం తగ్గుతుందని పాత సోఫాకు లక్షలు రాసేవారూ ఉన్నారు! మహారాష్ట్రలో ఒప్పందపు ధర, ప్రభుత్వం లెక్కగట్టిన మార్కెట్ విలువ - ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానిపైనే సుంకం పడుతుంది గనుక ఆ తెలివి ఎంతో దూరం పోదు. అసలు తగవులు వచ్చేది గోడకు బిగించిన అలమారలు, గీజరు, ఏసీ, ఫ్యాన్ల దగ్గర. బయానా ఇవ్వకముందే వాటిని పేరుపేరునా రాయించుకోవాలి. లేకుంటే తాళం తీసిననాడు కప్పు నుంచి వేలాడే తీగలు మాత్రమే స్వాగతం పలుకవచ్చు.

హౌసింగ్ సొసైటీ కార్యదర్శినీ ఒకసారి కలవండి. వాటాపత్రం ఎవరి పేర ఉన్నదో, నెలసరి బాకీలేమైనా మిగిలాయో, ఫ్లాటు ఏ బ్యాంకుకైనా తాకట్టులో ఉన్నదో అడిగి, జవాబును కాగితంపై తీసుకోండి.