దండోరా సేవ యగునా?

దేశసేవ సులభమైపోయినదని మన యువకులు మురియుచున్నారు. ఫోనులో ఒక వార్తను చూచి, బొటనవ్రేలితో పదుగురికి పంపి, విధి నెరవేరినదని నిద్రించుచున్నారు. సేవాసంఘములు సైతము ఎన్ని గ్రామములు తిరిగితిమని గాక, ఎందరు చూచిరని లెక్క వ్రాసికొనుచున్నవి. దీనిని మేము ఖండింపక తప్పదు.

ఈ క్రొత్త సాధనమునకు బలము లేదని మేమనము. 2019లో నల్లమలయందు యురేనియము అన్వేషణ జరుగనున్నదని తెలిసినప్పుడు, సినిమా నటులు మొదలు కళాశాల విద్యార్థుల వరకు ఎందరో ట్విట్టరులోను ఫేసుబుక్కులోను మొఱపెట్టిరి. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ దానికి విరుద్ధముగా తీర్మానము గావించెను. పులులు తిరుగు అడవి, ప్రక్కనే కృష్ణానది. చిత్రమునకు అందమైన చోటు.

ఆ కొండలవరుసయే దక్షిణమున కడప సీమదాక సాగును. అచ్చట వేముల మండలము తుమ్మలపల్లెలో యురేనియము కర్మాగారము 2012లోనే ఆరంభమైనది. వ్యర్థముల చెరువునుండి మాలిన్యము దిగి తమ బోరునీరు చెడినదనియు, అరటితోటలు పాడైనవనియు కనంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు ఏండ్ల తరబడి మొత్తుకొనిరి. తమ దోషము కాదని కర్మాగారమువారు. 2019లో నిపుణుల సంఘము నియమింపబడినది. నల్లమలకై కన్నీరు కార్చినవారిలో కనంపల్లె పేరెఱిగినవారెందరు? వాడిన అరటిచెట్టు చిత్రమునకు అందము కాదు గాబోలు!

కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల మాట వేఱు. 2024లో అచ్చటి అడవిలో యురేనియమునకై 68 బోర్లు వేయుదురను వార్త ఏ త్రోవను వచ్చిన నేమి, చుట్టుప్రక్కల గ్రామస్థులు రోడ్డెక్కి బైఠాయించిరి. త్రవ్వకములు జరుగవని అధికారులు ప్రకటింపవలసివచ్చెను.

న్యాయస్థానము లైకులను సాక్ష్యముగా గైకొనదు. నీటిని ఏ బావినుండి, ఏ తేదీన, ఎవరి యెదుట తీసితిరి, సీసాకు ముద్ర వేసినదెవరని అడుగును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టుటకు రుసుము పది రూపాయలు. 30 దినములలో బదులీయవలెను. ఆ అర్జీ వ్రాయుటకు రైతు ప్రక్కన ఒకడు కూర్చుండవలెను గదా! మా వకీళ్ల వాట్సాప్ బృందమున ప్రతిదినము విప్లవమే. కనంపల్లెకు పోదమన్ననో, ఎవరికిని వాయిదాలు తీఱవు. మేమును అందులోనివారమే.

సంఘములవారిని మేము కోరునది యొక్కటి. రాబోవు వార్షిక నివేదికలో చూచినవారి సంఖ్యను కొట్టివేసి, ఎన్ని బావుల నీటిని పరీక్ష చేయించితిరో, ఎన్ని అర్జీలు దాఖలు చేయించితిరో, వానిలో ఎన్నింటికి బదులు వచ్చెనో వ్రాయుడు.