అర్ధరాత్రి ఫోను మోగితే...

నస్పూర్ బొగ్గుగని కార్మికుల ఇళ్లలో నైట్ షిఫ్టంటే కొత్తేం కాదు. బాయికి పోయిన మనిషి తెల్లారి ఇంటికొచ్చేదాకా ఆ ఇల్లాలికి కంటిమీద కునుకుండదు. అలాంటి ఇళ్ల పిల్లలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకెళితే? అక్కడా నైట్ షిఫ్టే! రాత్రి రెండింటికి ఫోను. సర్వర్‌లో డిస్కు నిండిపోయిందని కబురు. లేచి పాత ఫైళ్లు తీసేసి, ఆగిన సర్వీసు మళ్లీ నడిపించి నడుం వాల్చేసరికి... మరో ఫోను!

రోజూ చేసేది అదే పనైతే కంప్యూటరుకే అప్పగిస్తే పోలేదా? ఆ పనికి పుట్టిందే స్టాక్‌స్టార్మ్. 2013లో అమెరికాలో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2019లో లినక్స్ ఫౌండేషన్ చేతికొచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు దీని ఆధారంగానే 'విన్‌స్టన్' అనే వ్యవస్థను తయారుచేసుకుని 2016లో ఆ సంగతి లోకానికి చెప్పారు. ఉద్దేశం ఒక్కటే... నిద్రలేపే ఫోన్లు తగ్గాలని.

ఎలా పనిచేస్తుందంటారా? బాయి సంగతులు తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఒకప్పుడు సర్దార్ సేఫ్టీ ల్యాంపు పట్టుకుని, మంట మీద నీలిరంగు చూసి గ్యాస్ ఉందో లేదో చెప్పేవాడు. ఆ తర్వాత కొలిచే యంత్రాలొచ్చాయి. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలన్నది గనుల నిబంధన. యంత్రమే కనిపెట్టి యంత్రమే తీసేస్తే క్షణం ఆలస్యముండదు. స్టాక్‌స్టార్మ్‌లోనూ అంతే. సెన్సర్ కనిపెడుతుంది. రూల్ ఏం చేయాలో చెబుతుంది. యాక్షన్ ఆ పని చేస్తుంది. నాలుగైదు పనులు వరుసగా చేయాల్సివస్తే అది వర్క్‌ఫ్లో.

మరి రూలే తప్పయితే? జనం ఎక్కువై సర్వర్ నెమ్మదించిందనుకోండి. 'నెమ్మదిస్తే ఆపి మళ్లీ నడుపు' అని రాసి ఉంటే, లోపలున్న అందరినీ బయటికి తోసేసినట్టే! మనిషి ఒక్కసారి చేసే పొరపాటును యంత్రం వంద సర్వర్లలో చేసేస్తుంది. అందుకే ప్రమాదకరమైన పని ముందు ఆగి, 'చేయమంటారా?' అని మనిషిని అడిగే ఏర్పాటూ ఇందులో ఉంది. ఏది ఎప్పుడు చేసిందో చిట్టా కూడా రాసి పెడుతుంది.

ఇంతకీ ఆ రూలు రాయగలిగేదెవరు? ఎన్నో రాత్రులు లేచి ఆ పని చేతులతో చేసినవాళ్లే. మంట రంగు చూసి గ్యాస్‌ను పసిగట్టిన సర్దార్‌లాంటి వాళ్లన్నమాట. యంత్రానికి అప్పగించాల్సింది వాళ్ల శ్రమను... వాళ్ల అనుభవాన్ని కాదు!