పరుగెత్తి పాలు తాగుదాం... లెక్క తప్పకుండా!



సంచిక కోసం ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, "అన్నా, నీ విజయగాథ రాయి" అన్నారు. విజయగాథలు ఈ సంచికలో చాలానే ఉంటాయి. నేను మాత్రం నలభై సెకన్ల తేడాతో ఓడిపోయిన ఒక పరుగు గురించి, ఆ ఓటమి వల్ల నాకు అర్థమైన ఒక విషయం గురించి రాస్తాను. ఎందుకంటే మన హాస్టల్ గ్రౌండులో నేను చేసిన తప్పే ఇవాళ్టికీ జరుగుతోంది. మొన్న సంక్రాంతి ముందు వచ్చి కళ్లారా చూశాను.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అని మన పెద్దలు చెబుతారు. ఈ సామెతతో నాకు మొదటినుంచీ పేచీ ఉంది. నిలబడితే నీళ్లు దొరికే ఇళ్లలో పుట్టినవాళ్లకు అది సరిపోవచ్చు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్‌కు వచ్చిన మనం నిలబడితే నీళ్లు కూడా ఎవరూ పోయరు. మనం పరుగెత్తాల్సిందే. అయితే ఎలా పరుగెత్తాలి అన్నదే ప్రశ్న.

అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ సెలక్షన్‌లో మగవాళ్లు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర చుట్లు, చుట్టుకు సరిగ్గా రెండు నిమిషాలు. ఇంత సులువైన లెక్క నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఖాళీ కడుపుతో, ఎవడు ముందు వస్తాడా అని పందెం కట్టుకుని పరుగెత్తేవాళ్లం. వాంతి అయితే బాగా ప్రాక్టీస్ చేసినట్టు. పిక్కలు పట్టేస్తే ఇంకా బాగా చేసినట్టు. ఆదివారం కూడా విశ్రాంతి లేదు.

సెలక్షన్ రోజున విజిల్ ఊదగానే దూసుకుపోయాను. మొదటి చుట్టు నిమిషం 32 సెకన్లు. ఎనిమిది నిమిషాలు పట్టాల్సిన మొదటి నాలుగు చుట్లు ఏడు నిమిషాలలోపే అయిపోయాయి. ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను. ఎనిమిదో చుట్టుకు కాళ్లలో సీసం పోసినట్టయింది. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. గీత దాటేసరికి 25 నిమిషాల 40 సెకన్లు. నాతో ఒకే గదిలో పడుకున్న మిత్రుడు నాకంటే నెమ్మదస్తుడు, పందెంలో ఏనాడూ నన్ను గెలవలేదు. అతను మాత్రం చేతి గడియారం చూసుకుంటూ చుట్టుకు రెండు నిమిషాలు పట్టి పరుగెత్తాడు. చివరి చుట్టులో కాస్త వేగం పెంచి 24 నిమిషాల 40 సెకన్లకు వచ్చాడు. ఇవాళ అతను హెడ్ కానిస్టేబుల్. ఆ రోజు మా ఇద్దరి మధ్య ఉన్న తేడా బలంలో లేదు, లెక్కలో ఉంది.

ఆ లెక్కకు పేసింగ్ అనే పేరుందని నాకు పదేళ్ల తర్వాత, మారథాన్ పిచ్చి పట్టాక తెలిసింది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి పరుగెత్తినప్పుడు నేను మళ్లీ అదే తప్పు చేశాను. ఆగస్టు ఉక్కపోత, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు. అయినా చుట్టూ ఉన్న జనం ఊపులో సగం దూరం 2 గంటల 2 నిమిషాల్లో కొట్టేశాను. మిగతా సగానికి 3 గంటల 10 నిమిషాలు పట్టింది. 32వ కిలోమీటరు దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాను. మరుసటి ఏడాది మొదటి సగం కావాలనే 2 గంటల 14 నిమిషాల్లో, రెండో సగం 2 గంటల 16 నిమిషాల్లో పూర్తి చేశాను. మొత్తం నాలుగున్నర గంటలు. మొదట్లో పన్నెండు నిమిషాలు వదులుకుంటే చివర్లో 54 నిమిషాలు కలిసొచ్చాయి.

ఇది నాబోటి మామూలువాళ్ల సంగతే కాదు. 2022లో బెర్లిన్‌లో కెన్యా వీరుడు ఎలియుడ్ కిప్‌చోగే 2 గంటల 1 నిమిషం 9 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి సగం 59 నిమిషాల 51 సెకన్లు, రెండో సగం 61 నిమిషాల 18 సెకన్లు. మరుసటి ఏడాది షికాగోలో అదే దేశానికి చెందిన కెల్విన్ కిప్టమ్ మొదటి సగం 60 నిమిషాల 48 సెకన్లలో, అంటే కిప్‌చోగే కంటే దాదాపు నిమిషం నెమ్మదిగా పరుగెత్తాడు. రెండో సగం 59 నిమిషాల 47 సెకన్లలో ముగించాడు. మొత్తం 2 గంటల 35 సెకన్లు. రికార్డు బద్దలైంది. ఆ యువకుడు 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో 24 ఏళ్లకే చనిపోవడం పరుగు లోకానికి తీరని లోటు. కానీ ముందు దాచుకుని వెనక ఖర్చుపెట్టే అతని పద్ధతి మనకు మిగిలింది.

కిప్‌చోగే గురించి మరో మాట. 2019లో వియన్నాలో, రికార్డుగా లెక్కకు రాని ప్రత్యేక పరుగులో, అతను మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేశాడు. ప్రతి కిలోమీటరూ 2 నిమిషాల 50 సెకన్లకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ, అంతే. వేగం చెదరకుండా చూడటానికే 41 మంది తోటి పరుగుగాళ్లు వంతులవారీగా అతని చుట్టూ పరుగెత్తారు. అంత పేరొచ్చిన మనిషి ఏళ్ల తరబడి శిక్షణ పొందింది ఎక్కడనుకున్నారు? కెన్యాలో కాప్టగాట్ అనే పల్లెలోని ఒక శిబిరంలో. చిన్న గదులు, మామూలు మంచాలు, అందరికీ ఒకే వంట. మరుగుదొడ్లు కడిగే వంతు ఒలింపిక్ చాంపియన్‌కు కూడా తప్పదు. చదువుతుంటే నాకు మన హాస్టలే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే. వాళ్లు రోజూ పందెం పెట్టుకోరు.

మరి ఏం చేస్తారు? వారంలో ఎక్కువ రోజులు నెమ్మదిగా, కబుర్లు చెప్పుకోగలిగేటంత తేలికగా పరుగెత్తుతారు. కొన్ని రోజులే గట్టిగా పరుగెత్తుతారు. ఆ గట్టి పరుగుల్లో ముఖ్యమైనది టెంపో రన్. గట్టిగా ఉండాలి కానీ ఉక్కిరిబిక్కిరి కాకూడదు. ఒకటి రెండు ముక్కలు మాట్లాడగలగాలి, కథ చెప్పలేకపోవాలి. శిక్షణ పొందినవాడు పట్టుదలగా సుమారు గంటసేపు నిలుపుకోగల వేగం అది.

దీని వెనక శాస్త్రం కొంచెం చెబుతాను. పరుగెత్తేటప్పుడు కండరాల్లో ల్యాక్టేట్ పుడుతుంది. అది విషం అనీ, మర్నాటి ఒళ్లునొప్పులకు అదే కారణమనీ మాకు చెప్పేవారు. అది నిజం కాదు. ల్యాక్టేట్‌ను శరీరం మళ్లీ ఇంధనంగా వాడుకుంటుంది. మర్నాటి నొప్పులు కండర పోగులకు తగిలిన చిన్న చిన్న గాయాల వల్ల వస్తాయి. అయితే ఒక వేగం దాటితే ల్యాక్టేట్ పుట్టినంత త్వరగా ఖర్చు కాదు, రక్తంలో పేరుకుపోతుంది. దాంతోపాటే ఆయాసం, కాళ్ల బరువు మొదలవుతాయి. ఆ గీతకు దగ్గరగా, దాన్ని దాటకుండా పరుగెత్తడమే టెంపో. వారాల తరబడి చేస్తే ఆ గీతే ముందుకు జరుగుతుంది. నిన్న ఆయాసపెట్టిన వేగం ఇవాళ తేలికవుతుంది. రోజూ పందెం కట్టేవాడు ఆ గీతను రోజూ దాటేస్తాడు, మర్నాటికి కోలుకోడు. అలసటను చూసి ప్రాక్టీస్ అనుకుంటాడు.

మారథాన్‌లో దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ పరిమితం. మొదట్లో వేగం ఎక్కువైతే అది త్వరగా కరిగిపోతుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక చాలామందికి గోడ అడ్డొచ్చినట్టయ్యేది అందుకే. నేను ఫుట్‌పాత్ మీద కూర్చున్నదీ అందుకే.

ఇక ఆచరణ. మీ దగ్గర ఖరీదైన వాచీ ఉండనక్కర్లేదు. ఒకరోజు సమానమైన వేగంతో 5 కిలోమీటర్లు మీ శక్తికొద్దీ పరుగెత్తి టైము రాసుకోండి. కిలోమీటరుకు పట్టిన టైముకు ఇంకో 20 సెకన్లు కలిపితే ఇంచుమించు మీ టెంపో వేగం వస్తుంది. ఉదాహరణకు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తేవాడికి కిలోమీటరు 5 నిమిషాలు, టెంపోలో 5 నిమిషాల 20 సెకన్లు. అంటే 400 మీటర్ల చుట్టుకు 2 నిమిషాల 8 సెకన్లు. వారానికి ఒకరోజు పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, 20 నిమిషాలు ఈ వేగంతో పరుగెత్తండి. ప్రతి చుట్టూ అదే టైము రావాలి. తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా. ఇరవై నిమిషాలు ఒకేసారి చేయలేకపోతే పది నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు మెల్లని పరుగు. ఎండగా ఉన్నా, ఉక్కగా ఉన్నా వేగం తగ్గించాలి. వాచీ కంటే ఊపిరి మాట వినాలి.

"అన్నా, మేము మారథాన్‌కు పోతామా? మాకు కావాల్సింది ఉద్యోగం" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్లకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో అన్నారు. అంటే చుట్టుకు 115 సెకన్లు. దానికి టెంపోను మించిన మందు లేదు. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. అంటే చుట్టుకు 108 సెకన్లు. ఇంత చిన్న దూరానికి టెంపో ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. వారంలో ఇంకోరోజు 400 మీటర్ల వేగం పరుగులు, మధ్యలో విశ్రాంతితో చేయాలి. కానీ పునాది మాత్రం టెంపో, నెమ్మది పరుగులే. పునాది లేకుండా మేడ కడితే ఏమవుతుందో నా 40 సెకన్లు చెప్పాయి.

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు, ప్రాణాల సంగతి. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల కోసం మగవాళ్లకు 60 నిమిషాల్లో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరిగిన ఆ పరుగుల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. కారణాల మీద ఎన్నో వాదనలు నడిచాయి. నాకు మాత్రం వాళ్లందరూ మన హాస్టల్ పిల్లల్లాగే కనిపించారు. నెలల తరబడి మెల్లగా పెంచుకోవాల్సిన దమ్మును నోటిఫికేషన్ వచ్చాక నాలుగు వారాల్లో తెచ్చుకోవాలని చూడొద్దు. పరుగు మధ్యలో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగిపోండి. ఆగడం పిరికితనం కాదు. ఎవరో ఇచ్చిన ఇంజక్షన్లు, పొడుల జోలికి వెళ్లకండి.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 100కు 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే ఎంత శిక్షణ చేసినా ఆయాసం తగ్గదు. ముందు ప్రభుత్వాసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గుడ్డు, ఆకుకూర, పల్లీపట్టీ పెట్టిన రోజు వదిలిపెట్టకండి. మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. రెండు రోజుల్లో ఏడు పోటీలు, చివరిది 800 మీటర్ల పరుగు. రెండో రోజు ఆఖరి పోటీకి కూడా దమ్ము మిగుల్చుకున్నవాళ్లదే పతకం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన పూర్వ విద్యార్థుల సంఘం ప్రతి ఏడాది శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి మూడు పనులు చేయాలి. గ్రౌండులో టేపుతో సరిగ్గా కొలిచి 400 మీటర్ల చుట్టు గీయాలి. రెండు స్టాప్‌వాచీలు, ఒక పెద్ద నోట్‌బుక్కు వార్డెన్ సారు దగ్గర పెట్టాలి. ఉదయం పరుగుకు వెళ్లే పిల్లలకు ముందు అరటిపండో, రెండు బిస్కెట్లో అందేలా చూడాలి. నోట్‌బుక్కులో ఎవడు ఫస్టు వచ్చాడో రాయొద్దు. ఎవడి చుట్లు ఎంత సమానంగా వచ్చాయో రాయండి.

తమ్ముళ్లూ, వెనక నుంచి బయలుదేరినవాడికి తొందర ఎక్కువ ఉంటుంది. నాకు తెలుసు. ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తుంటుంది, వయసు దాటిపోతుంటుంది. ఆ తొందరే మొదటి చుట్టులో మన చేత నిమిషం 32 సెకన్లు పెట్టిస్తుంది. విజిల్ వినగానే ముందుకు దూకేవాళ్లను దూకనివ్వండి. మీ చుట్టు మీ లెక్క ప్రకారం తిరగండి. ఎనిమిదో చుట్టు దగ్గర వాళ్లు మీకు మళ్లీ కనిపిస్తారు.

వచ్చే ఆదివారం నేను హాస్టల్‌కు వస్తున్నాను. కొలిచే టేపు నేనే తెస్తాను. సున్నం డబ్బా మీరు సిద్ధంగా ఉంచండి.

— ఒక పూర్వ విద్యార్థి